తాబేలూ, తీతువూ, మా ఇంటి పంచాయితీ

మా పెద్దాడపడుచు నన్ను తాబేలు అంది. చాటుగా కాదు. అందరం భోజనాలకి కూర్చున్నప్పుడు, మా అత్తగారూ మావగారూ మా ఆయనా వింటుండగా, పప్పు వడ్డిస్తూ అంది. "గుడ్లు ఇసకలో పాతేసి తన దారిన తాను పోయే తాబేలుకీ నీకూ తేడా ఏంటమ్మాయ్?" ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ చేతిలో గరిటె కూడా ఆగలేదు. నా కంచంలో పప్పు వేసి పక్క కంచం దగ్గరికి వెళ్లిపోయింది.

నేను జవాబు చెప్పలేదు. చెప్పలేక కాదు. నోట్లో ముద్ద ఉంది, ఒళ్లో పాప ఉంది, పాప ఒళ్లు ఇంకా వెచ్చగానే ఉంది. ఆ రోజు మింగేసిన జవాబు ఇది. ఆలస్యమైంది కాబట్టి కాస్త పొడుగ్గా ఉంటుంది.

ముందు సంగతి తెలియాలి. మాది రామచంద్రపురం దగ్గర పల్లె. మా వాళ్లకి వరిచేలు, కొబ్బరితోట ఉన్నాయి. చేలు చాలావరకు కౌలుకిచ్చేశారు. తోటలో కొబ్బరికాయల దింపు తీసే రోజులు తప్ప మా ఆయనకి ఊపిరాడని పనంటూ ఉండదు. నేను పెళ్లయ్యాక చదువుకున్నాను. కడుపుతో ఉండి పరీక్ష రాశాను. టీచరు ఉద్యోగం వచ్చింది. పోస్టింగు మాత్రం పిఠాపురం అవతల, సముద్రం ఒడ్డున, చేపలు పట్టేవాళ్ల ఊళ్లో ఇచ్చారు. మా ఇంటి నుంచి కాకినాడ వెళ్లి, అక్కడ బస్సు మారి, దిగాక ఆటో ఎక్కాలి. రోజూ తిరిగితే బతుకంతా బస్టాండులోనే తెల్లారిపోతుంది. అందుకని అక్కడే ఒక గది తీసుకున్నాను. సోమవారం వెళితే మళ్లీ శనివారం సాయంత్రం ఇల్లు చేరేదాన్ని.

పాపని నాతో తీసుకెళతానన్నాను. ఉప్పుగాలి పడదన్నారు. పిల్లికూతలు పట్టుకుంటాయన్నారు. చివరికి మా మావగారు, "నువ్వు బళ్లో ఉంటే పిల్లనెవరు చూస్తారమ్మా?" అని అడిగారు. అలా పాప నాయనమ్మ దగ్గర ఉండిపోయింది.

ఆ వారం పాపకి జ్వరం వచ్చింది. కబురు తెలిసిన మర్నాడు సెలవు పెట్టి వచ్చాను. అప్పటికే ఇంట్లో పంచాయితీ సిద్ధంగా ఉంది. వేసవికి పుట్టింటికొచ్చిన మా ఆడపడుచు వాది, మా అత్తగారు సాక్షి, మా మావగారు జడ్జి. తీర్పు పప్పు తర్వాత, మజ్జిగతో పాటు వచ్చింది. "వేసవి సెలవులిచ్చేలోపు తేల్చుకోమ్మా. ఉద్యోగమా, పిల్లా? రెండు పడవల మీద కాళ్లు మంచిది కాదు." ఆయన మంచి మనిషి. గొంతు పెంచరు. గొంతు పెంచని మనుషులు చెప్పిన తీర్పుకి ఎదురు చెప్పడం మహా కష్టం. నేను మా ఆయన వైపు చూశాను. ఆయన మజ్జిగలో ఉప్పు కలుపుకుంటున్నారు. ఆ పూట ఆయన కలిపినంత శ్రద్ధగా మజ్జిగలో ఉప్పు కలిపిన మగవాణ్ణి నేను ఇంకెక్కడా చూడలేదు.

"పోనీ, పిట్టని చూసైనా నేర్చుకోవచ్చుగా," అని మా ఆడపడుచు మళ్లీ అందుకుంది. "మన మినపచేలో తీతువు పిట్ట గుడ్లు పెట్టింది. మనిషి ఆ గట్టెక్కితే చాలు, నెత్తి మీద తిరుగుతూ ఊరు లేచేలా అరుస్తుంది. అదమ్మా తల్లంటే!"

నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. తీతువు మా ఇంటి మీదుగా అరుచుకుంటూ పోతే ఎవరికో మూడిందని మా వాళ్ల నమ్మకం. ఆ అరుపు వినపడితే చాలు, "నీ నోరు పడిపోను" అని ముందుగా తిట్టేది మా ఆడపడుచే. అలాంటి పిట్ట ఆ పూట నాకు బుద్ధి చెప్పడానికి మహాతల్లి అయిపోయింది. తాబేలు సంగతీ అంతే. తాబేలు చొరబడ్డ ఇల్లు బాగుపడదంటారు. అదే తాబేలు నూతిలో ఉంటే నీళ్లు తేటగా ఉంటాయంటారు. గుళ్లో ఉంటే కూర్మావతారమని చెంపలేసుకుంటారు. ఇంట్లోకొస్తే శని, నూతిలో ఉంటే చాకిరీ మనిషి, గుళ్లో ఉంటే దేవుడు. మా ఇళ్లల్లో ఆడదాని సంగతి కూడా దాదాపు ఇంతే కదా అనిపించి ఒళ్లు మండింది.

మర్నాడు ఆదివారం. పాపకి జ్వరం తగ్గి నిద్రపోతోంది. సరే, ఆ మహాతల్లి దర్శనం చేసుకొద్దామని చేలోకి వెళ్లాను.

మినుము పీకేసిన చేను. ఎండకి మట్టిగడ్డలు తేలి ఉన్నాయి. నేను గట్టెక్కానో లేదో, ఎక్కడినుంచి లేచిందో, పిట్ట ఒకటి నా తల మీద తిరుగుతూ అరవడం మొదలెట్టింది. పసుపుపచ్చ కాళ్లు, నల్లటి మెడ, కంటి దగ్గర ఎర్రటి తోలు. అది ఏ వైపు దిగి అరుస్తోందో ఆ వైపు గుడ్లు ఉంటాయనుకుని వెళ్లాను. లేవు. ఇంకోచోట దిగి ఇంకా గట్టిగా అరిచింది. అక్కడా లేవు. గుడ్లు ఉన్నచోట తప్ప మిగతా చేనంతా తిప్పింది నన్ను. ఇంత పచ్చి అబద్ధాలాడే తల్లిని నేనెక్కడా చూడలేదు. నాకు చాలా నచ్చింది.

చివరికి గట్టు మీద తాడిచెట్టు నీడలో కదలకుండా కూర్చుంటే అది శాంతించింది. దొంగలా నడుచుకుంటూ, ఆగుతూ, చుట్టూ చూస్తూ వెళ్లి ఒకచోట కూర్చుంది. అప్పుడు తెలిసింది గుడ్లెక్కడున్నాయో. గూడంటూ ఏమీ లేదు. పుల్ల లేదు, ఈక లేదు. మట్టిలో చిన్న గుంట, చుట్టూ నాలుగు పెళ్లలు. గుడ్లు కూడా మట్టిరంగులోనే ఉన్నాయి. ఇంతలో ఎవరిదో గేదె మేసుకుంటూ అటే వచ్చింది. పిట్ట పారిపోలేదు. రెక్కలు విప్పి, గేదె మూతికి ఎదురెళ్లి నిలబడింది. గేదె బుస్సుమని, తల తిప్పుకుని పక్కనుంచి పోయింది. మా ఆడపడుచు చెప్పింది అబద్ధం కాదని ఒప్పుకోవాలి. ఆ పిట్ట గుండె పెద్దది.

కానీ ఆవిడ గట్టు మీద ఎంతసేపు నిలబడిందో నాకు తెలియదు. నేను పొద్దెక్కేదాకా కూర్చున్నాను. ఎండ ముదిరాక ఆ పిట్ట గుడ్లమీంచి లేచి, వాటినలా ఎండకొదిలేసి, నీళ్లు పారే బోదె వైపు వెళ్లిపోయింది. పంటబోదెలో మిగిలిన మడుగులో పొట్ట ముంచుకుని నిలబడింది. పొట్టంతా బాగా నానాక తడి ఈకలతో తిరిగొస్తుంది, గుడ్లు చల్లబడేలా వాటి మీద కూర్చుంటుంది. ఇల్లొదిలి పోవడం వేరు, ఇంటికోసం పోవడం వేరు. దూరం నుంచి చూసేవాళ్లకి రెండూ ఒకలాగే కనపడతాయి.

ఇంకొకటి చూశాను. ఆ పిట్ట బోదెకి వెళ్లినప్పుడు గుడ్ల దగ్గరికి ఇంకో పిట్ట నడుచుకుంటూ వచ్చింది. అచ్చం అలాంటిదే. కాసేపు ఎండకి అడ్డంగా నిలబడి, తర్వాత పొట్ట సర్దుకుని గుడ్ల మీద కూర్చుంది. మొదటిది తిరిగొచ్చాక ఇది లేచింది. రెండూ అలా వంతులు మార్చుకుంటూనే ఉన్నాయి. ఏది మగదో ఏది ఆడదో నాకు తెలియలేదు, చూస్తే తెలిసేలా లేవు. రెండిట్లో ఒకటైతే మగదే కదా! మా ఇంట్లో ఇంతమంది ఆ చేలోంచి నడిచి, ఇంతకాలంగా ఆ పిట్టల్ని చూస్తూ, గుడ్ల మీద తండ్రి కూర్చుంటాడన్న ముక్క ఒక్కళ్ల నోటి వెంటా రాలేదు. నాకు ఆ ఎండలో చెవులు వేడెక్కాయి.

ఇక తాబేలు. దాన్ని నేను అంతకుముందే చూశాను. శీతాకాలం చివర్లో ఒక తెల్లవారుజామున, మా గది అద్దెకిచ్చిన ముసలావిడ తలుపు కొట్టి, "రండి టీచరుగారూ, తాబేలు ఇంకా ఒడ్డునే ఉందండి, పొద్దెక్కితే పోద్దండి," అని లాక్కెళ్లింది. మసకవెలుతుర్లో ఇసక మీద చక్రాలబండి లాగినట్టు జాడ. ఆ జాడ చివర అది. రిడ్లే జాతి తాబేలంటారు. గంపంత ఉంటుంది. గుడ్లు పెట్టడం అయిపోయింది. వెనక తెడ్లతో ఇసక తోసుకుంటోంది. తోసి, తోసి, ఆ తర్వాత ఒళ్లంతా అటొకసారి ఇటొకసారి ఎత్తి పడేస్తూ ఇసకని దిమ్మిస కొట్టింది. ఆ చప్పుడు నా కాళ్ల కింద తెలిసింది. అంత బరువు మోసుకొచ్చి, చూడకుండానే వెనక తెడ్లతో గొయ్యి తీసి, గుడ్లు పెట్టి, పూడ్చి, జాడ తెలియకుండా ఇసక చిమ్మి, అప్పుడు తిరిగింది. దాని కళ్లమ్మట నీళ్లు కారుతున్నాయి.

"పిల్లల్నొదిలి పోతున్నానని ఏడుస్తదండి," అంది ముసలావిడ. ఆవిడ కొడుకులు వలలో తాబేలు పడితే పసుపు కుంకుమ పెట్టి నీళ్లలో వదిలేస్తారు. ఆవిడ మాట కాదనడం నాకిష్టం లేదు. కానీ ఆ నీళ్లు ఏడుపు కాదు. ఒంట్లో చేరిన ఉప్పుని తాబేలు కళ్ల ద్వారా బయటికి పంపేస్తుంది. పుస్తకంలో చదివి, ఆ ఏడే పిల్లలకి పాఠం చెప్పాను. అది ఏడవడం లేదు. దానికి చేతనైన పని దానికి చేతనైనంత బాగా చేసి, ఒంట్లో ఉప్పు కక్కుకుంటూ వెళ్లిపోతోంది. ఆగి ఏం చేస్తుంది? ఒడ్డున దానికి తిండి లేదు, ఎండకి దాని ఒళ్లు ఆగదు. ఇక్కడే ఉంటే చచ్చిపోతుంది. తల్లి చచ్చిపోతే మెచ్చుకునేవాళ్లు కావాల్సినంతమంది ఉంటారు, అది వేరే సంగతి.

ఇసక వేడి ఎక్కువైతే ఆ గుడ్లలోంచి ఆడపిల్లలే ఎక్కువ వస్తారట. ఆడపిల్లలు పుట్టారని అక్కడ ఇసకనెవరూ ఏమీ అనరు. ఇక మగ తాబేలు సంగతి. పుట్టి నీళ్లలోకి పాకాక అది సాధారణంగా మళ్లీ ఒడ్డే ఎక్కదు. గుడ్లెక్కడ పెట్టారో, ఎవరు పెట్టారో, ఎవరు తవ్వుకుపోయారో దానికి ఏమీ పట్టదు. దాన్ని కూడా ఎవరూ ఏమీ అనరు. పిల్లల్ని వదిలేసి పోయిందని లోకమంతా దెప్పేది, ఆ బరువుతో ఒడ్డెక్కొచ్చిన దాన్నే.

ఇవన్నీ ఆ ఆదివారమే మా ఇంట్లో చెప్పేయాలనుకున్నాను. చెప్పలేదు. సోమవారం పొద్దున్నే పాప నిద్రలో ఉండగా బయల్దేరి వచ్చేశాను. బస్సులో కాకినాడ దాకా ఏడ్చాను. అది మాత్రం ఉప్పు కక్కుకోవడం కాదు, ఏడుపే. సిగ్గుపడను.

ఒంటిపూట బళ్లు మొదలయ్యాయి. ఒడ్డున అటవీశాఖ వాళ్లు వలకంచె వేసి కాపాడిన గుడ్లు పిగులుతున్నాయని, పిల్లల్ని తెల్లారే నీళ్లలో వదులుతున్నారని తెలిసి, ఆ శనివారం నేను ఇంటికెళ్లకుండా మా వాళ్లనే రమ్మన్నాను. పాపకి చూపించాలని నా ఆశ. ఉప్పుగాలి పిల్లని ఏమీ చెయ్యదని మా వాళ్లకి చూపించాలని ఇంకో ఆశ. మా ఆయన, మావగారు, పాప వచ్చి రాత్రికి నా గదిలోనే పడుకున్నారు. ఆదివారం తెల్లారే ఒడ్డుకెళ్లాం.

టబ్బుల్లోంచి పిల్లల్ని ఇసక మీద వదిలారు. పాప అరచేతిలో పట్టేంత ఉన్నాయి. నల్లగా, తడిగా, బొమ్మకి కీ ఇచ్చినట్టు తెడ్లాడిస్తూ నీళ్లవైపు పాకాయి. పాప చప్పట్లు కొట్టింది. మా మావగారు చప్పట్లు కొట్టలేదు. ఆయన కాకుల్ని చూస్తున్నారు. అక్కడి కాపలాదారు ఒకవైపు తరుముతుంటే ఇంకోవైపు దిగుతున్నాయి. ఒక కాకి ఒక పిల్లని ముక్కున కరుచుకుని లేచిపోయింది. ఆయన "అయ్యో, అయ్యో" అంటూ కండువా విసురుతూ పరిగెత్తారు. ఆ వయసులో ఆయన పరిగెత్తడం నేనెప్పుడూ చూడలేదు. పెద్దాయన మనసు ఎంత మెత్తనో అనుకున్నాను. మధ్యాహ్నం వాళ్లు తిరిగి వెళ్లిపోయారు.

సోమవారం పొద్దున బడికి బయల్దేరుతుంటే మా ఆయన ఫోన్ నుంచి వీడియో కాల్ వచ్చింది. తెర మీద పాప ముక్కు, ఆ తర్వాత మా నూతి గట్టు.

"అమ్మా, మన నూతిలో తాబేలు పిల్ల ఉంది! తాతయ్య తెచ్చాడు!"

"ఏం చేస్తోందమ్మా అది?"

"గోడ తోసేస్తోంది. తలుపెక్కడుందో దానికి తెలీట్లేదు. నిన్నటినుంచి తిరుగుతూనే ఉంది."

ఫోన్ మా ఆయన తీసుకున్నారు. తడిపిన కండువాలో చుట్టి, ఖాళీ టిఫిన్ క్యారేజీలో పెట్టి మావగారు తెచ్చారట. ఇంటికొచ్చి నూతిలో వదిలేదాకా తనకీ తెలియదట. నూతిలో తాబేలుంటే మంచిదని ఊళ్లో అందరూ వచ్చి చూసి వెళుతున్నారట. దాన్ని వెంటనే తీసి నీడలో పెట్టమన్నాను. "నాన్నగారు ఊరుకోరే," అన్నారు ఆయన. "నేనొస్తున్నాను," అన్నాను.

బడి వదలగానే పరిగెత్తాను. ఇల్లు చేరేసరికి పొద్దు వాలలేదు. మా వాళ్లందరూ నూతి చుట్టూనే ఉన్నారు. లోపల, ఒరల గోడకి తల ఆనించి ఆ పిల్ల ఈదుతోంది. ఎటూ పోకుండా, ఆగకుండా ఈదుతోంది. సముద్రంలో అయితే ఆ ఈత దాన్ని కాకుల నుంచీ ఒడ్డు చేపల నుంచీ దూరంగా తీసుకుపోయేది. ఇక్కడ సిమెంటు ఒరని తోయడానికి ఖర్చయిపోతోంది.

"మావయ్యగారూ, ఇదేం పనండి?" అన్నాను.

"ఏంటమ్మా అంత కంగారు? చంపడానికి తెచ్చానా? అక్కడ కాకులెత్తుకుపోతుంటే కళ్లారా చూశాను. ఒక్కటైనా సుఖంగా బతుకుతుందని తెచ్చాను. ఆ ఉప్పునీళ్లలో ఏముంది? మన గోదావరి నీళ్లు, పానకంలా ఉంటాయి."

ఆ మాటల్లో కల్మషం లేదు. అందుకే నాకు ఇంకా కోపం వచ్చింది. "ఇది నూతి తాబేలు కాదండి. దీనికి ఉప్పునీళ్లే ప్రాణమండి. దీనికి కాళ్లు లేవండి, తెడ్లు. అలిసిపోతే నిలబడ్డానికి కూడా ఇందులో చోటు లేదండి. మీరు కాకి నుంచి తప్పించి గోడకి అప్పగించారండి. పైగా ఇలా పట్టుకురావడం నేరమండి."

నేను చేద తాడు అందుకునేసరికి మా ఆయన చొక్కా విప్పి నూతి గట్టు మీద పడేశారు. ఒరల అంచులు పట్టుకుని లోపలికి దిగారు. కాసేపు నీళ్ల చప్పుడు. బకెట్ పైకొచ్చింది. అందులో ఆ పిల్ల తెడ్లు ఇంకా ఆడిస్తూనే ఉంది. వెనకే ఆయనా పైకెక్కారు.

అప్పుడు మా ఆడపడుచు అంది: "నూతిలో తాబేలుందంటే మధ్యాహ్నానికే వచ్చి వాలావు. కన్నకూతురికి జ్వరమొస్తే మర్నాటిదాకా రాలేదు."

మా అత్తగారు తల దించుకున్నారు. ఆ మాట నాకు ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. కానీ ఈసారి నోట్లో ముద్ద లేదు.

"అవునండీ వదినగారూ," అన్నాను. "జ్వరమొచ్చినప్పుడు పాప దగ్గర మీరందరూ ఉన్నారు. నాయనమ్మ ఉంది, తాత ఉన్నారు, కన్నతండ్రి ఉన్నారు. దీనికెవరున్నారండి? మీరు చూడమన్న పిట్టని చూసొచ్చానండి. అక్కడున్నది ఒక పిట్ట కాదు, రెండు. ఒకటి నీళ్లకెళితే రెండోది గుడ్ల మీద కూర్చుంటుందండి. ఆ రెండో పిట్ట సంగతి మీరెందుకు చెప్పలేదు?"

నేను మా మావగారి వైపు తిరిగాను. "ఉద్యోగమా, పిల్లా తేల్చుకోమన్నారు కదండి. తేల్చుకున్నాను. రెండూ నావే. ఉద్యోగం మానను. పాపని నాతో తీసుకెళతాను. బళ్లో నేనుంటే పిల్లనెవరు చూస్తారని అప్పుడు అడిగారు. అది నన్నడగాల్సిన ప్రశ్న కాదండి. అడగాల్సిన మనిషి నూతిలోంచి ఇప్పుడే పైకొచ్చారు. ఆయన్నడగండి."

మా ఆయన ఒళ్లంతా నీళ్లు కారుతూ నిలబడి ఉన్నారు. కలుపుకోవడానికి మజ్జిగ లేదు. ఎవరూ ఏమీ అడగలేదు. లుంగీ పిండుకుని, లోపలికెళ్లి పొడి బట్టలు కట్టుకుని, బండి తాళం తెచ్చారు. మా మావగారు భుజం మీది కండువా తీసి తడిపి, పిండి, ఇంకో పొడి బకెట్ అడుగున పరిచారు. పిల్లని తనే ఎత్తి అందులో పెట్టారు. "ఎండ తగలకుండా తీసుకెళ్లండమ్మా," అన్నారు. ఆయన కళ్లు ఎర్రబడ్డాయి. నాకు కోపం తగ్గలేదు గానీ ఆయన మీద జాలి వేసింది. ప్రేమ ఉన్నవాళ్లు కూడా గోడ కట్టేస్తారని, కట్టాక అది గోడ అని వాళ్లకి తెలియదని నాకు ఆ పూటే అర్థమైంది.

బండి మీద ముందు పాప, వెనక నేను, నా ఒళ్లో బకెట్. కాకినాడ దాటేదాకా పాపే మాట్లాడింది, అదీ తాబేలుతో. ఒడ్డు చేరేసరికి పొద్దు వాలుతోంది, కాకులు పోయాయి. కాపలాదారు తిట్టాల్సిన తిట్లన్నీ తిట్టాడు, మేం పడ్డాం. ఆ తర్వాత పిల్లని చేతిలోకి తీసుకుని తిప్పి చూసి, "ఇంకా ఊపు ఉందండి, వదిలేద్దాం," అన్నాడు.

తడి ఇసక మీద పెట్టాం. ఒక్క క్షణం అలాగే ఉండిపోయింది. చచ్చిపోయిందనుకున్నాను. ఒక అల వచ్చి తగిలింది. పిల్ల తల ఎత్తింది. తెడ్లు ఆడించింది. రెండో అలకి లేచింది, మూడో అల తీసుకుపోయింది. ఎంత చూసినా మళ్లీ కనపడలేదు. అది బతికిందో లేదో నాకు తెలియదు. బతికే అవకాశం తక్కువేనని కూడా తెలుసు. అయినా దాని బతుకు అక్కడే ఉంది, నూతిలో లేదు.

పాప నా చీర కొంగు పట్టుకుని నీళ్లవైపే చూస్తోంది. "అమ్మా, వాళ్లమ్మ ఎక్కడుంది?"

"దూరంగా ఉందమ్మా. సముద్రంలో."

"వస్తుందా?"

అబద్ధం చెప్పాలనిపించలేదు. "రాదమ్మా."

పాప తలెత్తి నా మొహంలోకి చూసింది. చాలా రోజులుగా అడగాలనుకుంటున్నట్టు అడిగింది. "మరి నువ్వు?"

"నేను రోజూ బడికెళతాను. బడి వదలగానే వస్తాను. రోజూ వస్తాను," అన్నాను.

పాప నా కొంగు వదిలి, అటువైపు నిలబడ్డ ఆయన చెయ్యి పట్టుకుని ఊపింది. "నాన్నా, మరి నువ్వు?"

ఆ ప్రశ్న ఆయన్ని అప్పటిదాకా ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు, ఆయన్ని కన్నవాళ్లూ అడగలేదు. ఆయన పాపని ఎత్తుకున్నారు.

"అమ్మ బడికెళితే నేను నీ దగ్గరుంటా తల్లీ. ఇక్కడే."

ఉన్నారు కూడా. దింపు తీసే రోజుల్లో తోటకెళ్లి వస్తారు, మిగతా రోజులు పాపకి జడలేస్తారు, అన్నం పెడతారు, నేను వచ్చేసరికి గుమ్మంలో ఉంటారు. పెళ్లాం ఉద్యోగానికి కాపలా కూర్చున్నాడని మా ఊళ్లో ఆయన్ని ఎత్తిపొడుస్తూనే ఉన్నారు. పొడవనివ్వండి.